చంద్రుడి సినిమాకి దాలమ్మ శోకం

ఆ సినిమా మీరు చూసి ఉండరు. చూసినవాళ్ళెవరైనా ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉంటారు, అదే మంచిది. దానికి సంగీతం ఎంచిపెట్టింది నేనేనని ఎవరి దగ్గరా గొప్పలు చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా సినిమా గురించి కాదు, భావనపాడులో ఎండుచేపలు అమ్ముకుని బతికిన దాలమ్మ గురించి. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆమె బతుకు పాడుచేసినవాళ్ళలో మొదటివాణ్ణి నేను.

మాది విజయనగరం. నా పేరు వేంకటాచలం. మా ఇంట్లో మూడు తరాలుగా మగవాళ్ళకి ఫిడేలు తప్ప వేరే విద్య లేదు. మా తాత వాయిస్తుంటే వీధిలో బళ్ళు ఆగేవట. నేను వాయిస్తుంటే మా ఆవిడ ప్రసూనాంబ తలుపు దగ్గరగా వేసేది. ఆ మాత్రం విద్యతోనే మద్రాసు వెళ్ళి సినిమా వాద్యబృందాల్లో మూడో వరసలో పదేళ్ళు కూర్చున్నాను. మూడో వరసవాడు ఒప్పు వాయించినా మైకుకి తెలియదు, తప్పు వాయించినా తెలియదు.

అలాంటి నన్ను పిలిచి "సంగీతం నువ్వు చూడవోయ్" అన్నవాడు నరసింగరావు. మా వీధివాడే, నాతో గోలీలాడినవాడే. మద్రాసులో సహాయ దర్శకుడిగా అరిగి అరిగి 1967లో సొంతంగా ఒక సినిమా దొరికించుకున్నాడు. వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఒక నవల దానికి ఆధారం. శశిధర్ అనే కుర్ర శాస్త్రవేత్త రాకెట్టులో చంద్రుడి మీదికి వెళతాడు. దిగడం బాగానే దిగుతాడు కానీ తిరిగి లేవడానికి యంత్రం పనిచెయ్యదు. ప్రాణవాయువు మూడు రోజులకి సరిపడా ఉంటుంది. ఆ మూడు రోజులూ రేడియోలో తల్లితో మాట్లాడతాడు. నాలుగో రోజు మాట రాదు. తల్లి పెరట్లో నిలబడి చంద్రుణ్ణి చూస్తుంది. కథ అక్కడితో సరి.

"ఆవిడ పెరట్లో నిలబడ్డప్పుడు ఏం వినపడుతుందో అదే ఈ సినిమా. మిగతాదంతా అట్టముక్కలూ వెండిరంగూను" అన్నాడు నరసింగరావు. "ఫిడేళ్ళు మాత్రం వద్దు. గాలే లేనిచోట ఫిడేలు మోగితే జనం నవ్వుతారు."

ఫిడేలు వద్దంటే నాకింక చేతులు లేనట్టే. అయినా తంటాలు పడ్డాను. వీణ తీగల మీద ఇనప గొట్టం జరిపి చూశాను. జలతరంగం గిన్నెల్లో నీళ్ళకి బదులు నూనె పోయించాను. టేపుని తిరగేసి వెనకనుంచి ముందుకి తిప్పించాను. వడ్రంగి రంపానికి కమాను వేసి వాయిస్తే, పక్కింటావిడ వచ్చి మీ కుక్కకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి ఆ నవల రాసినాయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

1968 మాఘమాసంలో చంద్రుడి దృశ్యాలు తీయడానికి భావనపాడు వచ్చాం. అక్కడ ఇసకదిబ్బలు పెద్దవి. సరుగుడు తోట కనపడకుండా, సముద్రం కనపడకుండా కెమెరా పెడితే అది చంద్రుడి నేలేనని నరసింగరావు లెక్క. తెల్ల రెక్సిన్ బట్టలూ బుట్టంత టోపీ వేసుకుని హీరో ఆ ఎండకి రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. ఊరి ఆడవాళ్ళు దిబ్బ మీద కూర్చుని చూసి, "ఓలమ్మో, ఆ బాబుకి ఏటైనా తినడానికి పెట్టండి" అని మా మీద కేకలేశారు.

మూడో రోజు పొద్దున్న పదిగంటలప్పుడు ఊళ్ళోంచి ఒక గొంతు వినపడింది. పాట కాదు, ఏడుపూ కాదు. పై షడ్జంలో మొదలై, దిగుతూ దిగుతూ ఎక్కడా ఏ స్వరం మీదా కాలు పెట్టకుండా కిందికి జారిపోయింది. ఊపిరి ఎక్కడ తీసుకుందో నాకు తెలియలేదు. మూడు తరాల చెవి నాది, వాయించడం రాకపోయినా వినడం వచ్చు. నరసింగరావు కెమెరా ఆపించి నా వైపు చూశాడు.

అది దాలమ్మ. ఆ రోజు ఊళ్ళో ఒక ముసలాయన పోతే శోకం పెడుతోంది.

దాలమ్మకి అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. పొద్దున్నే ఎండు నెత్తళ్ళ చేపల గంప నెత్తికెత్తుకుని నౌపడ, సంతరోజైతే టెక్కలి నడిచి వెళ్ళేది. ఆమె కొడుకు గంగులుకి ఆరో ఏడు నడుస్తుండగా మొగుడు జ్వరంతో పోయాడు. అత్త కూర్మమ్మ ఆ పక్క ఊళ్ళన్నిటికీ పేరుమోసిన శోకాల మనిషి. కోడలికి ఆస్తేమీ ఇవ్వలేకపోయినా ఆ విద్య ఇచ్చి పోయింది.

శోకం పెట్టడమంటే ఏడవడం కాదు. ఏడుపు అందరికీ వస్తుంది. శోకం పెట్టే మనిషి శవం కాళ్ళ దగ్గర కూర్చుని, జుట్టు విప్పుకుని, చచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, వాడి బతుకంతా వాడికే అప్పచెప్పాలి. ఏ వానలో పుట్టాడు, ఏ కూర ఇష్టం, ఎవరితో దెబ్బలాడాడు, ఎవరికి అన్నం పెట్టాడు, అన్నీ. అలా చెబితేగానీ చచ్చిన సంగతి వాడికి తెలియదని, తెలియనివాడు పొయ్యి చుట్టూనే తిరుగుతుంటాడని వాళ్ళ నమ్మకం. అందుకే దాలమ్మకి చుట్టూ ఏడు ఊళ్ళలో ప్రతి ఇంటి సంగతీ తెలుసు. పెళ్ళికి ఆమెను పిలవడం మర్చిపోయినవాళ్ళు కూడా చావుకి మర్చిపోరు.

ఆ ఊళ్ళో ఇంకో కట్టుబాటు ఉంది. సముద్రంలో పోయి శవం దొరకనివాడికి ఏడాది తిరిగేదాకా శోకం పెట్టకూడదు. అంతవరకూ వాడు బతికున్నట్టే. భార్య గాజులు తియ్యదు, బొట్టు తియ్యదు. రోజూ సాయంత్రం వాడి కంచంలో అన్నం పెట్టి మూతపెడుతుంది. ఏడాదిలోపు సొంతవాళ్ళెవరైనా పేరెత్తి శోకం పెట్టారా, ఇక వాడు చచ్చినట్టే. తల్లి పెట్టిందంటే మరీను. సముద్రం ఆ పిలుపు విని వాణ్ణి ఉంచేసుకుంటుందంటారు.

ఈ కట్టుబాటు మాకెలా తెలిసిందంటే, దాలమ్మే దానిలో ఉంది. అంతకుముందు కార్తీకమాసంలో ఆమె కొడుకు గంగులు మరి ముగ్గురితో నావలో వేటకి వెళ్ళాడు. గాలివాన పట్టుకుంది. ఇద్దరి శవాలు కొట్టుకొచ్చాయి. గంగులూ ఇంకొకడూ రాలేదు, నావా రాలేదు. శవాలు దొరికిన ఇద్దరికీ దాలమ్మే శోకం పెట్టింది. సొంత కొడుకు పేరు మాత్రం నాలిక మీదికి రానివ్వలేదు. అప్పటికి మూడు నెలలు. కోడలు దేముడమ్మకి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, పెళ్ళై ఆరు నెలలు. అత్తాకోడళ్ళిద్దరూ ఏడాది ఎప్పుడు తిరుగుతుందా అని కాదు, తిరగకుండా ఉంటే బాగుణ్ణని కాచుకుని ఉన్నారు.

నేను వెళ్ళి అడిగాను. ఒడ్డున బోర్లించిన నావ నీడలో కూర్చుని వల బాగుచేస్తోంది.

"శవం నేకుండా శోకం ఏటి బాబూ? మతిగాని పోనాదా నీకు?" అంది.

సినిమా కథ చెప్పాను. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యకుండా విన్నది.

"అయితే ఆడి శవం దొరకదా?"

"దొరకదమ్మా. చంద్రుడి మీదే ఉండిపోతాడు."

"మరయితే ఆలమ్మ ఏడాది ఆగాల గదా. నాలుగోనాడే ఎలగ ఏడుస్తాది? తల్లేనా అది?"

నవల రాసినాయనకి తట్టని ప్రశ్న అది. తిరిగి వచ్చేశాను.

మర్నాడు తనే వచ్చింది. టేపు రికార్డరు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో ముట్టుకోబోయి మానేసి అడిగింది. "ఈ పెట్టిలో పడ్డ గొంతుక ఎంత దూరం పోతాది బాబూ?"

"సినిమా ఆడిన ఊరికల్లా పోతుంది."

"రంగం పోతాదా?"

రంగం అంటే రంగూన్. ఆ ఒడ్డువాళ్ళకి రంగం అంటే అవతలి గట్టు. ఆమె మొగుడి పెదనాన్న ఒకాయన గాలివానలో కొట్టుకుపోయి బర్మా ఒడ్డున తేలి, ఎనిమిది నెలలకి నడుచుకుంటూ ఇంటికొచ్చాడట. గంగులు కూడా అక్కడే ఎక్కడో ఉన్నాడని, దారి తెలియక ఆగాడని ఆమె నమ్మకం. ఆ రోజుల్లో రంగూన్ నుంచి మనవాళ్ళే మూటాముల్లే సర్దుకుని ఓడల్లో తిరిగొచ్చేస్తున్నారు. తెలుగు సినిమా అక్కడికి వెళ్ళే ప్రశ్నే లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"పోతుంది" అన్నాను.

సముద్రం వైపు తిరిగింది. "అయితే ఆడు ఇంటాడు. పేరు ఎవులిదైతే ఏటి, గొంతుక అమ్మదే గదా. నానిక్కడే ఉన్నానని తెలస్తాది. బేగి వొచ్చీస్తాడు."

అంత ఆశ ఆమె ముఖంలో చూసి కూడా నేను నోరు మూసుకున్నాను. నాకు ఆ గొంతు కావాలి. పదేళ్ళు మూడో వరసలో కూర్చున్నవాడికి మొదటిసారి తన పేరు తెర మీద పడబోతోంది. మనిషి ఎంతకి దిగజారతాడో అప్పటిదాకా నాకు తెలియదు.

ఊరి పెద్ద పోతురాజుని అడిగితే ఆయన గెడ్డం గోక్కున్నాడు. "ఏరేవోడి పేరెత్తి ఏడిస్తే తప్పునేదు. నాటకంలో ఏడవరా ఏటి? కానీ దాలమ్మా, నోరు జారిందో, నానేటీ సెయ్యనేను. సూసుకో మరి."

"ముప్పై ఏళ్ళబట్టి ఎవులి పేరు ఎత్తాలో ఆలదే ఎత్తినాను మావా. ఎప్పుడైనా జారినానా?" అంది దాలమ్మ. అదీ నిజమే.

ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి శశిధర్ గురించి అడగడం మొదలెట్టింది. ఏ నెల్లో పుట్టాడు? చిన్నప్పుడు ఎక్కడ పడ్డాడు? ఏ కూరంటే పడి చస్తాడు? తల్లి చేత దెబ్బలు ఎందుకు తిన్నాడు? నవలంతా నాకు కంఠతా వచ్చు. అందులో రాకెట్టు బరువెంతో ఉంది, చంద్రుడు ఎన్ని మైళ్ళో ఉంది, ఇవేవీ లేవు. లేవంటే పని చెడుతుందని నా చిన్నతనం నుంచి తీసి చెప్పాను. పనసచెట్టు మీంచి పడ్డాడన్నాను. ఉరుమంటే భయమన్నాను. చిక్కుడుకాయ కూరకి అన్నం రెండుసార్లు అడిగేవాడన్నాను.

"ఇయన్నీ ఆడియా, నీయా?" అంది.

"నావే" అని ఒప్పుకున్నాను.

"అదే అనుకున్నాను. ఆడికేటీ నేదు. పాపం, వొట్టి పేరే" అంది. నిజంగానే శశిధర్ మీద జాలిపడింది.

ఊరి చివర వాడకుండా వదిలేసిన ఉప్పు గిడ్డంగి ఒకటి ఉంటే అందులో రికార్డింగు పెట్టాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత. గాలి చొరబడకుండా కిటికీలకి గోనెలు కట్టించాను. దూలానికి తాడు కట్టి మైకు వేలాడదీశాం. బయట ఊరి ఆడవాళ్ళంతా చేరారు. దేముడమ్మ గుమ్మం పక్కనే నిలబడింది, అత్త గొంతు రంగం పోతుందని తల దువ్వుకుని, పువ్వు పెట్టుకుని మరీ వచ్చింది. పోతురాజు లోపల ఓ బస్తా మీద కూర్చున్నాడు.

దాలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎదురుగా శవం లేదని ఇబ్బంది పడుతుంటే నరసింగరావు తన కండువా చుట్టి అక్కడ పెట్టాడు. జుట్టు విప్పుకుంది. "శశిదరూ నా బాబో" అని ఎత్తుకుంది. స్వరం అదే, జారుడు అదే, కానీ అందులో ప్రాణం లేదు. చదువుకున్నవాళ్ళు పల్లెపాట పాడినట్టుంది. ఆపించాను. రెండోసారీ అంతే.

"రాదు బాబూ" అంది చెమట తుడుచుకుంటూ. "ఆడు నాకు అవుపడ్డం నేదు. అవుపడనోణ్ణి ఎలగ పిలుస్తాను?"

అక్కడితో పెట్టె మూసేసి ఉంటే ఇంత రాయాల్సిన అవసరం ఉండేది కాదు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఎవరికీ వినపడకుండా చెప్పాను. "పేరు శశిధర్ అనే అను. కళ్ళు మూసుకుని మనసులో మాత్రం గంగుల్ని చూడు."

ఆమె ఉలిక్కిపడి నా ముఖంలోకి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళి స్పూలు తిప్పాను.

ఈసారి వచ్చింది. మొదటి పిలుపుకే గిడ్డంగి రేకులు మోగాయి. పనసచెట్టు మీంచి పడ్డోడివి నా బాబో అంది. ఉరిమితే నా సీర కుచ్చిళ్ళలో దూరినోడివి నా బాబో అంది. ఇవి నావే. నరసింగరావు గోడకి ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంతలో, నెత్తళ్ళ పులుసుకి కంచం సాపినోడివి అంది. మా ఇంట్లో నెత్తళ్ళ వాసన ఎవరెరుగుదురు? ఆ మాట నాది కాదు. ముల్లు గొంతుకలో దిగితే తియ్యబోయిన నా ఏలు కొరికీసినావు కొడకో అంది. ఆ వేలు పైకెత్తి, లేని శవానికి చూపించింది. ఎడంకాలి మడమకి గాలం గుచ్చుకుంటే ఏడవకుండా నవ్వినోడివి కొడకో అంది.

అప్పుడే ఆపాలి. మీట మీద నా చెయ్యి ఉంది. ఆపలేదు. ఇంకొంచెం, ఇంకొక్క నిమిషం అనుకున్నాను. అలాంటి సంగీతం నా జన్మలో వినలేదు, ఇక వినను కూడా.

"గంగులూ" అంది దాలమ్మ. "గంగులూ నా కొడకో. నువ్వెక్కిన నావ ఏదిరా గంగులూ. నీ కంచంలో కూడు సల్లారిపోతన్నాదిరా కొడకో."

పోతురాజు బస్తా మీంచి లేచి నిలబడ్డాడు. బయట ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. దాలమ్మ మాత్రం ఆగలేదు. మూడు నెలలు పళ్ళ మధ్య పట్టుకున్నదంతా ఒక్కసారి వస్తోంది. నాలుగుసార్లు ఆ పేరెత్తింది. నాలుగోసారి గుమ్మం దగ్గర గాజులు పగిలిన చప్పుడైంది. దేముడమ్మ రెండు చేతులూ ద్వారబంధానికేసి కొట్టుకుంది. ఆ చప్పుడు కూడా టేపు మీద పడింది.

దాలమ్మ కళ్ళు తెరిచింది. కోడలి చేతుల వంక చూసింది, పోతురాజు వంక చూసింది.

"నానేటన్నాను?" అంది.

లేచి పోతురాజు ముందు నిలబడింది.

"మావా, నానేటన్నాను? సెప్పు."

"అనీసినావు దాలమ్మా" అన్నాడు పోతురాజు. "శోకం పడిపోనాది."

నేను ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. అది సినిమా కోసం అన్నది, నిజం కాదు, తప్పు నాది, నేనే అలా అనుకోమన్నాను అని చెప్పాను. ఆయనకి నా మీద కోపం కూడా రాలేదు. "ఎవులి కోసమైతే ఏటి బాబూ, పేరెత్తింది తల్లి. ఎనక్కి తియ్యడం ఎవుల తరం?" అన్నాడు.

మర్నాడు మొగలి ఆకులతో మనిషి బొమ్మ కట్టి, గంగులు చొక్కా తొడిగి, ఒడ్డున తగలబెట్టారు. అప్పుడు దాలమ్మ శోకం పెట్టలేదు. పెట్టాల్సింది ముందురోజే పెట్టేసిందిగా. పక్క ఊరి నుంచి ఎవరినో తెచ్చారు. దేముడమ్మ బోసి చేతులతో, బోసి నుదురుతో మా బండి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను.

"ఇంకా తొమ్మిది నెలలున్నాది బాబూ" అంది. అంతే. తొమ్మిది నెలలు ఆమె మొగుడు బతికుండేవాడు. రోజూ అతనికి అన్నం పెట్టుకునేది. నేను ఆ అన్నం తీసేశాను.

వారం తిరక్కుండా భోగాపురం వైపు నుంచి ఆమె అన్నదమ్ములు వచ్చి తీసుకుపోయారు. ఏడాదిన్నరకి మారుమనువు చేశారని విన్నాను. దాలమ్మ ఒంటరిదైంది. మేం ఊరు విడిచే రోజు టేపు పెట్టె మీద చెయ్యి పెట్టి నాతో చెప్పింది. "పోనోడు పోనాడు. ఈ పెట్టి బద్రం బాబూ. ఇది రంగం పోవాల. ఆడు ఎక్కడ తిరగతన్నాడో, సచ్చినాడని ఆడికి తెలవాల గదా."

భద్రంగానే తీసుకెళ్ళాను. మద్రాసులో ఆ టేపు పెట్టి వినిపిస్తే ఎడిటరు లేచి వెళ్ళిపోయాడు, కాసేపటికి కళ్ళు కడుక్కుని వచ్చాడు. నరసింగరావు పెరటి దృశ్యానికి అదే పెట్టాడు. ఆ తర్వాత పెట్టుబడి పెట్టినవాళ్ళు చూశారు. శశిధర్ తల్లి పట్నంలో పట్టుచీర కట్టుకున్న మనిషి, ఈ జాలరి ఏడుపేమిటన్నారు. మధ్యలో గంగులెవడన్నారు. ఆ పేరున్న ముక్కలు కత్తిరించి చూశాం. కత్తిరిస్తే మిగిలింది మొదటి రెండుసార్లలా ప్రాణంలేని ముక్కే. నరసింగరావు పదిరోజులు పోట్లాడి ఓడిపోయాడు. "ఫిడేళ్ళు పెట్టేయండి" అన్నాడు.

ముప్పై ఫిడేళ్ళు పెట్టారు. మనిషి చాలక నన్నూ కూర్చోమన్నారు. కూర్చున్నాను, మూడో వరసలో. ఆ స్పూలు ఏమైందని నాలుగు రోజుల తర్వాత స్టూడియోలో అడిగితే, టేపు కొరతగా ఉందని దాని మీద ఏదో యుగళగీతం రిహార్సలు పట్టేశామన్నారు.

సినిమా 1969 ఆగస్టులో వచ్చింది. అప్పటికి నెల క్రితమే అమెరికావాళ్ళు నిజంగా చంద్రుడి మీదికి వెళ్ళి, దిగి, శుభ్రంగా తిరిగి వచ్చారు. అసలు వాళ్ళే తిరిగొస్తే ఈ దొంగ చంద్రుడి మీద వీడెందుకు చస్తాడని జనం ఈలలు వేశారు. విజయనగరంలో వారం ఆడలేదు. రంగూన్ సంగతి చెప్పక్కర్లేదు. నేను మద్రాసు వదిలి ఇంటికొచ్చి పిల్లలకి సరళీస్వరాలు చెప్పుకోవడం మొదలెట్టాను.

ఆ డిసెంబరులో నాకో కార్డు వచ్చింది. నౌపడలో డేరా సినిమా వేశారని, మన బొమ్మ వచ్చిందని, నన్ను రమ్మని దాలమ్మ ఎవరి చేతో రాయించింది. ఆ ముక్క సినిమాలో లేదని ఆమెకి చెప్పే ధైర్యం అప్పటిదాకా చెయ్యలేదు. ఉత్తరంలో రాయలేక రైలెక్కాను, ఎదురుగా చెప్పేద్దామని.

చెప్పలేకపోయాను. ఎండుచేపల గంప ఎక్కడో దింపి, ఉతికిన చీర కట్టుకుని, మొదటాటకి గంట ముందే డేరా దగ్గర నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. గంగులు బొమ్మ తగలబడిన రోజు నుంచీ ఎవరింట చావైనా వెళ్ళి కూర్చుంటుందే కానీ నోరు విప్పదని, ఆటకొచ్చిన పోతురాజు నాతో చెప్పాడు. "అందరూ అంటన్నారు, నీకు శోకం పోనాదే అని" అంది దాలమ్మ నాతో. "పోనేదురా, పెట్టిలో ఉన్నాది, రంగం ఎల్లినాది అన్నాను."

డేరాలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య గోనెతెర కట్టారు. ఆమె తెర పక్కనే ఇసకలో కూర్చుంది, ఇవతల నేను. రాకెట్టు లేచినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. దిబ్బలు కనపడగానే "ఇది మన భావనపాడేరా" అని నవ్వారు. ఆమె నవ్వలేదు, కదల్లేదు. చివరికి పెరటి దృశ్యం వచ్చింది. తల్లి పట్టుచీరతో వచ్చి చంద్రుణ్ణి చూసింది. ఫిడేళ్ళు మొదలయ్యాయి.

తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నాదెప్పుడొత్తాది బాబూ?"

"అమ్మా" అన్నాను. "అది తీసేశారమ్మా."

"తీసీసినారా? ఎక్కడెట్టినారు?"

"ఎక్కడా పెట్టలేదు. వాళ్ళకి సరిపడలేదు. చెరిపేశారు."

ఫిడేళ్ళు మోగుతూనే ఉన్నాయి. తెర మీద ఆ పట్టుచీరావిడ కళ్ళొత్తుకుంటోంది. దాలమ్మ చెయ్యి నా మోచెయ్యి వదిలిపెట్టలేదు.

"మరయితే నా గంగులు ఎందుకు సచ్చినట్టు బాబూ?" అంది.

బొమ్మ అయిపోయింది, జనం లేచారు. ఆమె గంప తీసుకుని ఉప్పు మళ్ళ గట్టున ఊరి దారి పట్టింది. కొంతదూరం వెనకాలే నడిచాను. ఒకసారి ఆగి, "ఆ సివర్న మోగినయ్యి ఏటి బాబూ?" అని అడిగింది. ఫిడేళ్ళన్నాను. అందులో ఒకటి నాదని చెప్పలేదు.